దేవ్లా ఇంటి ముందు ఐసు

2008 మే 11, ఆదివారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు బోడగుట్ట తండాలో, బతికి ఉన్న మనిషి ఇంటి ముందు నాలుగు ఐసు దిమ్మలు దించారు.

తండా అడవి అంచున ఉంది. జూలూరుపాడు నుంచి తారు రోడ్డు మీద పద్నాలుగు కిలోమీటర్లు, అక్కడి నుంచి మట్టి బాట మీద నాలుగు. ఆ ఇంటి మనిషి పేరు దేవ్లా. వయసు డెబ్బై పైన. ఎంత పైన అన్నది ఆయనకే తెలియదు. ఐసు పంపింది చుండూరి వెంకటప్పయ్య, ఆ నియోజకవర్గం ఎమ్మెల్యే.

కూలీలు ట్రాక్టరు మీంచి దిమ్మలు దించి, ఊక దులిపి, గోనెపట్టాలు విప్పుతుండగా వెంకటప్పయ్య తెల్ల బండి వచ్చి ఆగింది. ఆయన బంతిపూల దండ పట్టుకుని దిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

వాకిట్లో నులకమంచం మీద దేవ్లా కూర్చుని ఉన్నాడు. చేతిలో గిన్నె ఉంది. జొన్న గటక తాగుతున్నాడు. గిన్నె దించి మూతి తుడుచుకుని, ఐసు వైపు చూసి, దండ వైపు చూసి, ఎమ్మెల్యేని అడిగాడు.

"ఎవరికి సారూ?"

వెంకటప్పయ్య తన చేతిలో దండ వైపు చూసుకున్నాడు.

ఆయన్ని ఆ చుట్టుపక్కల ఐసు వెంకటప్పయ్య అంటారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆ పేరు పోలేదు. తండ్రి కాలంలో తిరువూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. 1984 మే నెలలో వెంకటప్పయ్య మోటారు సామాను కోసం విజయవాడ వెళ్లాడు. ఆయన అక్కడ ఉండగానే తండ్రి పోయాడు. కబురు అందేసరికి పూట గడిచింది. ఆయన బస్సులు మారి ఊరు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఎండకు ఆగదని పొద్దున్నే కానిచ్చేశారు. చెరువు గట్టున బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నాయన మొహం నిద్రపోతున్నట్టే ఉందిరా అని చెప్పారు. ఆయన విన్నాడు. చూడలేదు.

రెండేళ్ల తర్వాత పదెకరాలు అమ్మి జూలూరుపాడు రోడ్డు మీద ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. సోడా కొట్లకూ, వైరా చెరువు చేపలకూ అని అందరికీ చెప్పాడు. అదీ నిజమే. మిషను మీద పనికి ఖమ్మం నుంచి ఆంథోని అనే కుర్రాడిని తెచ్చుకున్నాడు. తర్వాత ఇరవై రెండేళ్లు, నీళ్ల డబ్బాలు గడ్డకట్టే ఉప్పునీళ్ల తొట్టి మూత తీసిందీ, డబ్బాలు ఎత్తిందీ, వాటిలోంచి దిమ్మలు జార్చిందీ ఆంథోనియే.

1988 ఏప్రిల్‌లో పక్క ఊరి మనిషి ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. తల్లి పోయింది, తమ్ముడు బొగ్గుబావి నుంచి రావాలి, ఒక్క దిమ్మ ఇస్తారా అని అడిగాడు. వెంకటప్పయ్య నాలుగు తీయించాడు. తనే ట్రాక్టరెక్కి వెళ్లాడు. మంచం కింద రెండు, చెరో పక్కన ఒకటి పెట్టించాడు. చివర్లో ఒక మూల పగలగొట్టి, చిన్న ముక్క గుడ్డలో చుట్టి, ఆమె తల దగ్గర తన చేత్తో పెట్టాడు. అది పెట్టేటప్పుడు మొహం చూడక తప్పదు. చూశాడు. పైకం ఇవ్వబోతే తీసుకోలేదు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. చావు ఇంటికి ఐసు తెచ్చినవాడు ఏమీ పుచ్చుకోకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అలా జరిగింది, తర్వాత అదే పద్ధతి అయింది.

అప్పటి నుంచి ఎవరు పోయినా కబురు వచ్చేది. కబురు వచ్చాక ఆంథోని తొట్టి మూత తీసేవాడు. కోల్డ్ రూము తలుపు మీద సుద్దముక్కతో ఊరి పేరూ, తేదీ, ఐసు తీసిన గంటా రాసుకునేవాడు. ఏటా క్రిస్మస్‌కు సున్నం వేసినప్పుడు అవి చెరిగిపోయేవి. ఖమ్మంలో కరెంటుతో నడిచే శవపేటికలు కిరాయికి వచ్చాక కూడా అడవి అంచు ఊళ్లకు ఐసే దిక్కు. అక్కడ కరెంటు వచ్చి పోతూ ఉండేది.

2004లో పార్టీవాళ్లు ఆయన్ని పట్టుకుని నిలబెట్టారు. ప్రచారంలో ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఏ ఇంటి ముందు నిలబడ్డా లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి, మా అవ్వకు ఐసు తెచ్చిండు ఈ సారు, అనేవారు. నాలుగు వేల రెండు వందల ఆరు ఓట్ల మెజారిటీతో గెలిచాడు.

హైదరాబాదులో అసెంబ్లీ హాలు చల్లగా ఉండేది. ఎక్కడో మిషను సన్నగా హోరు పెట్టేది. తన ఫ్యాక్టరీ తొట్టి పక్కన కూర్చున్నట్టే ఉండేది. మధ్యాహ్నం పూట ఆయనకు కళ్లు మూతలు పడేవి. అలాంటి ఒక మధ్యాహ్నం మొదటిసారి వాళ్లు వచ్చారు. తలుపు తీసుకుని, చప్పుడు లేకుండా, వరసగా వచ్చి ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ఒకరిద్దరు చిన్నపిల్లలు. అందరి మొహాలూ ఆయనకు తెలుసు. ఏ ఊరో తెలుసు, ఏ ఏడాదో తెలుసు. భుజాల మీద ఊక అంటుకుని ఉంది. ఒక్కరూ మాట్లాడలేదు. స్పీకరు బల్ల చరిస్తే ఆయనకు మెలకువ వచ్చింది. కుర్చీల్లో మామూలు సభ్యులు ఉన్నారు. తర్వాత ఆ కల చాలాసార్లు వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మెల్యే అయ్యాక పని తీరు మారింది. పీఏగా రామ్‌చందర్ చేరాడు. సెల్‌ఫోన్ టవర్లు లేచాక రామ్‌చందర్ ఊరికొక మనిషిని పెట్టి, ఎవరైనా పోతే తనకు ఫోన్ కొట్టమన్నాడు. బోడగుట్ట తండాలో ఆ మనిషి బద్యా. ఫోన్ రాగానే ఫ్యాక్టరీ నుంచి ఐసు ట్రాక్టరు బయల్దేరేది, ఎమ్మెల్యే ఇంటి నుంచి బండి దండతో బయల్దేరేది. రెండూ ఇంచుమించు ఒకేసారి చేరేవి. ఈ మధ్య మరీ తొందరగా చేరుతున్నాయి. ప్రాణం పోంగనే వచ్చిండు మా సారు, అని జనం చెప్పుకునేవారు. ఐసు ఎన్నింటికి బయల్దేరింది అని వెంకటప్పయ్య ఎప్పుడూ అడగలేదు.

దేవ్లా మళ్లీ అడిగాడు. "నిన్నే సారూ. గీ ఐసు ఎవరికి?"

లోపలి నుంచి ఆయన భార్య కమ్లి వచ్చింది. ఐసు చూసింది. చేతిలో చెంబు కింద పెట్టింది.

"ఏంది సారూ గిది? మనిషి కూసోని గటక తాగుతుంటే ఐసు ఏంది, దండ ఏంది?"

గోడ పక్క నుంచి బద్యా మెల్లగా జారుకోబోయాడు. కమ్లి చూసింది.

"ఓ బద్యా! ఏడికి పోతున్నవ్ రా? ఇటు రా. పొద్దుగాల చెయ్యి పట్టుకొని చూసింది నువ్వే గద, పోతడు, ఇగ పోతడు అని."

"నేనేం జేసిన అత్తా," అన్నాడు బద్యా. "రామ్‌చందర్ సారే చెప్పిండు. పానం మీదికొచ్చిందంటే చాలు, ఫోన్ కొట్టుమన్నడు. పోయినంక కొడితే ఏం లాభం? గీ బాటల ట్రాక్టరు రావాల్నంటే రెండు గంటలు పడ్తది. రోడ్డు లేదాయె."

"సక్రికి గూడ కొట్టినవా?"

బద్యా సెల్‌ఫోన్ జేబులో దోపుకున్నాడు.

"కొట్టినవ్! పోరి హైదరాబాదుల బిల్డింగు పని ఇడ్సిపెట్టి ఏడ్సుకుంట బస్సెక్కి ఉంటది. నీ నోట్ల మన్ను పొయ్య!"

సక్రి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. మొగుడితో కలిసి హైదరాబాదులో మేస్త్రి దగ్గర పనిచేస్తుంది.

దేవ్లా కర్ర ఊతంగా లేచాడు. ఒక్కో అడుగు వేసుకుంటూ ఐసు దగ్గరకు వచ్చి, దిమ్మ మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి.

"మస్తు చల్లగుంది. ఎంతసేపు ఉంటది సారూ?"

"నీడన పెడితే సాయంత్రం దాకా ఉంటుంది." ఇరవై ఏళ్లుగా చెప్పిన మాట. దానంతట అదే వచ్చింది.

"అయితే నేను దానికంటె జర ఎక్కువనే ఉంట."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. దేవ్లా కూడా నవ్వాడు. "దండ గూడ తెచ్చినవ్ గద. ఏదీ, ఎయ్యి. బతికుండంగ నాకు దండ ఏసినోడు లేడు."

వెంకటప్పయ్య చెయ్యి లేవలేదు. కమ్లి వచ్చి ఆ దండ గుంజుకుని మేక ముందు పడేసింది. మేక తినడం మొదలుపెట్టింది. నవ్వులు ఆగాయి. దేవ్లా మంచం దాకా వెళ్లి కూర్చుని, ఊపిరి తీసుకుని, అప్పుడు అన్నాడు.

"సారూ, ఒక్క మాట. నేను పోయిన్నాడు నువ్వు రావద్దు. నీ ఐసు రావద్దు."

"అలా అనకు పెద్దాయనా. కూతురు దూరాన ఉందంటున్నారు. ఎండాకాలమైతే ఆగదు."

"ఆగకుంటే ఆగదు."

"చూడకుండా పోతుంది."

"సూడకనే పోనీ. తెల్సే చెప్తున్న. నా తమ్మునికి తెచ్చినవ్, మంచిగ చేసినవ్, నేను కాదన. గని నా సావుకంటె ముందొచ్చి నా కోసం నిలబడ్డ ఐసు మీద నేను పండ."

దేవ్లా గిన్నె తీసుకుని మిగిలిన గటక తాగాడు. వెంకటప్పయ్య బండి ఎక్కాడు. బండి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే, తండావాళ్లు గొడ్డళ్లతో ఐసు పగలగొట్టి బిందెల్లో వేసుకుంటున్నారు. ఆ రోజు తండా అంతా సాయంత్రం దాకా చల్లని నీళ్లు తాగింది. పొద్దూకే వేళకు సక్రి వచ్చి, తండ్రిని చూసి ఏడ్చి, తర్వాత బద్యాని వెతికింది. బద్యా రెండు రోజులు తండాలో కనపడలేదు.

వెంకటప్పయ్య ఇంటికి పోలేదు. ఫ్యాక్టరీ దగ్గర దిగాడు. ఆంథోని డబ్బాల్లో నీళ్లు నింపుతున్నాడు.

"ఇవాళ ఐసు ఎన్నింటికి తీశావు ఆంథోనీ?"

"ఏడుంబావుకు అయ్యా." తలుపు మీద సుద్ద రాత చూపించాడు. దాని పైన ఇంకా చాలా రాతలు ఉన్నాయి.

వెంకటప్పయ్య చేతులు వెనక్కి కట్టుకుని పై నుంచి కిందికి చదివాడు. మార్చి 2. ఏప్రిల్ 9. ఏప్రిల్ 27. మూడు చోట్ల ఆగాడు. ఆ మూడు ఇళ్లలోనూ మనిషి ఎన్నింటికి పోయిందీ ఆయనకు గుర్తుంది. ఇంటివాళ్లే చెప్పారు. మూడు చోట్లా ఐసు తీసింది మనిషి పోకముందే.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరే పంపుతున్నరనుకున్న." ఆంథోని పైపు కట్టేశాడు. "ట్రాక్టరు మీద కూసోని పోయేటప్పుడు ప్రార్థన చేసుకునేటోణ్ని అయ్యా. గని ఏమని చేసుకోవాల్నో తెల్వకపోయేది. మనం పోయేదాంక ఉండాల్నని అడగాల్నో, మనం పోయేసరికి పోవాల్నని అడగాల్నో."

వెంకటప్పయ్య రామ్‌చందర్‌కి ఫోన్ చేశాడు.

"మనిషి పోయాక కబురు రావాలి. కబురు వచ్చాక ఐసు తియ్యాలి. పదహారేళ్లు అంతే జరిగింది."

"అప్పుడు మీరు ఎమ్మెల్యే కాదన్నా," అన్నాడు రామ్‌చందర్. "ఆలస్యమైతే అవతలోడు ముందు పోయి కూసుంటడు. ఒక్క కేసు అటిటు అయింది. మిగిలిన మూడు మంచిగనే అయినయ్ గద?"

వెంకటప్పయ్య ఫోన్ పెట్టేశాడు. మర్నాటి నుంచి ఐసు తీయమని ఆయన తప్ప ఎవరూ చెప్పకూడదని ఆంథోనికి చెప్పాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర భార్య బుల్లెమ్మ అంతా విన్నది. మజ్జిగ పోస్తూ అడిగింది.

"అయితే ఆ పెద్దాయన బాగానే ఉన్నాడుగా?"

"ఉన్నాడు."

"మరి సంతోషమేగా. మనిషి లేచి గటక తాగుతున్నాడంటే మీరు మొహం వేలాడేసుకుని వచ్చారేంటండీ?"

ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు. మంచం మీద దేవ్లాని చూసిన క్షణం ఆయన మళ్లీ గుర్తు చేసుకున్నాడు. అందులో సంతోషం కోసం వెతికాడు. దొరకలేదు.

ఆ సంగతి వారంలో అన్ని ఊళ్లకూ పాకింది. తర్వాత ఒక మార్పు వచ్చింది. ఏ ఊళ్లోకి వెంకటప్పయ్య తెల్ల బండి వచ్చినా అరుగుల మీద ముసలివాళ్లు లేచి లోపలికి పోయేవారు. ఒక ఊళ్లో పింఛన్ల కాగితాలు పంచడానికి వెళ్తే ఒక్క ముసలమ్మ కూడా బయటికి రాలేదు. కోడళ్లు వచ్చి తీసుకున్నారు. ఒకామె కాగితం అందుకుంటూ, మా అత్తకు మంచిగనే ఉన్నది సారూ, జొరం గూడ లేదు, అని ముందే చెప్పింది.

అసెంబ్లీలో ఆయన బోడగుట్ట రోడ్డు గురించి లేచి అడిగాడు. నాలుగేళ్లలో ఆయన అడిగిన మూడో ప్రశ్న అది. రోడ్డు మంజూరైందనీ, బాట అడవిలోంచి పోతుంది కనుక అటవీ అనుమతి రావాల్సి ఉందనీ మంత్రి చెప్పాడు. ఆగస్టులో తారు రోడ్డు మలుపు దగ్గర ఒక కల్వర్టు కట్టారు. అది అడవి హద్దుకు ఇవతల ఉంది. దానికి వెంకటప్పయ్య పేరుతో రాయి పెట్టారు. కల్వర్టు దాటితే పాత మట్టి బాటే.

నవంబరులో ఒక రోజు ఆయన బండిని కల్వర్టు దగ్గర ఆపించి, డ్రైవర్ని అక్కడే ఉండమని, నాలుగు కిలోమీటర్లు నడిచి తండాకు వెళ్లాడు. చేతిలో ఏమీ లేదు. దేవ్లా ఎండలో మంచం వేసుకుని ఉన్నాడు.

"ఉన్ననా లేనా అని చూద్దానికి వచ్చినవా?"

"ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చేటోడు ఎమ్మెల్యే ఎట్లయితడు? కూసో."

కూర్చున్నాడు. కమ్లి నీళ్లు ఇచ్చింది. చావు ఇల్లు కాదు కనుక తాగాడు. ఆ నీళ్ల రుచి దారిలో కూడా గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లలో ఆ తండాకు ఆరుసార్లు వచ్చాడు, అక్కడ నీళ్లు తాగడం అదే మొదలు.

తర్వాత నెలకోసారి వెళ్లాడు. ఎక్కువ మాటలు ఉండేవి కావు. మార్చిలో ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరూ చెట్టు కింద కూర్చున్నారు. పూలు ఒక్కొక్కటీ పడుతున్నాయి. ఆ వాసనకు కళ్లు బరువెక్కుతాయి. దేవ్లా పడుకునే అడిగాడు.

"సారూ, నీ ఐసుల పండినోళ్లు కలల కొస్తరా?"

వెంకటప్పయ్య ఒడిలో పడ్డ పువ్వు తీసి పక్కన పెట్టాడు. "వస్తారు."

"ఏమంటరు?"

"ఏమీ అనరు. వచ్చి కూర్చుంటారు."

"ఏడ?"

"అసెంబ్లీలో."

దేవ్లాకి నవ్వు వచ్చింది. నవ్వు దగ్గు అయింది. దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుని అడిగాడు. "మావోడు గూడ ఉన్నడా?"

"నీ తమ్ముడా? ఉన్నాడు. మూడో వరసలో."

"కుర్సీల?"

"కుర్చీలోనే."

"మంచిగైంది. వాడు బతికినన్నాళ్లు కుర్సీల కూసోలె." కాసేపటికి మళ్లీ అన్నాడు. "నాకు గూడ ఒక కుర్సీ ఉందా ఆడ?"

"నువ్వు ఐసు వద్దన్నావుగా."

"అవ్. అన్న."

పూలు పడుతున్నాయి. వెంకటప్పయ్య అడుగుదామనుకున్న మాట అదే. ఆ మాట వెనక్కి తీసుకుంటావా అని. అడిగేలోపు దేవ్లా నిద్రపోయాడు. ఛాతీ లేచి పడుతోంది. వెంకటప్పయ్య ఆ మొహం చూశాడు. నిద్రపోతున్న మొహం, నిద్రపోతున్నట్టున్న మొహం ఒకటి కాదని ఆయనకు ఆ రోజు తెలిసింది. చాలాసేపు చూసి, లేచి, నడిచి వచ్చాడు.

అప్పటికే ఆయన సీటు పోయింది. ఓడి కాదు. నియోజకవర్గాల గీతలు కొత్తగా గీశారు. ఆయన గెలిచిన సీటు పేరే కొత్త జాబితాలో లేదు. ఆయన ఊళ్లు మూడు సీట్లలోకి పోయాయి. ఎక్కడా ఆయనకు టికెట్ రాలేదు. రామ్‌చందర్ ఒక కొత్త అభ్యర్థి దగ్గర చేరాడు. పోయేముందు వచ్చి కాళ్లకు దండం పెట్టి, ఊరూరా పెట్టిన మనుషుల ఫోన్ నంబర్ల కాగితం అడిగాడు. అది నీ దగ్గరే ఉందిగా, అన్నాడు వెంకటప్పయ్య. ఏప్రిల్‌లో పోలింగ్ రోజు ఆయన పొద్దున్నే ఓటు వేసి ఫ్యాక్టరీకి వచ్చాడు. తెల్ల బండి అమ్మేశాడు. తొట్టి పక్కన పాత కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

2009 మే 27, బుధవారం. ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకు ఫ్యాక్టరీ ఫోన్ మోగింది. ఆంథోని ఎత్తి, విని, వెంకటప్పయ్యకు ఇచ్చాడు. అవతల కమ్లి.

"సారూ, పోయిండు. ఐదున్నరకు. ముక్కు కాడ దూది పెట్టి చూసిన. గుండె మీద చెవి పెట్టి చూసిన. అద్దం పెట్టి చూసిన. నిజంగనే పోయిండు."

వెంకటప్పయ్య గడియారం చూశాడు.

"సక్రి పొద్దూకేదాంక రాదు. ఎండ ఎట్లుందో నీకు తెల్సు. నువ్వు ఐసు తే."

"ఆయన వద్దన్నాడమ్మా. ఆ మాట వెనక్కి తీసుకున్నాడా?"

"తీస్కోలె," అంది కమ్లి. "అబద్ధం ఎందుకు చెప్పాలె? గని పోయినోడు ఆయన. బిడ్డను చూస్కోవాల్సింది నేను. నువ్వు తే."

ఆరు గంటల పది నిమిషాలకు ఆంథోని తొట్టి మూత తీశాడు. తలుపు మీద రాశాడు. నాలుగు దిమ్మలు ఊకలో పెట్టి, గోనెపట్టాలు కప్పి ట్రాక్టరుకు ఎక్కించారు. వెంకటప్పయ్య, ఆంథోని దిమ్మల పక్కన కూర్చున్నారు. ఎనిమిదింటికి ట్రాక్టరు కల్వర్టు దగ్గరకు వచ్చింది. వెంకటప్పయ్య డ్రైవరు భుజం తట్టి ఆపించి, కిందికి దిగాడు.

"మీరు రారా అయ్యా?" అన్నాడు ఆంథోని.

"నన్ను రావద్దన్నాడు. ఐసునూ వద్దన్నాడు. ఐసు సంగతి కమ్లి చూసుకుంటుంది. నా సంగతి ఆమె చెప్పలేదు."

"అడిగితే ఆమె చెప్తుండె. మీరు అడగలేదు."

"అడగలేదు."

"మరి తల కాడ ముక్క?"

"నువ్వు పెట్టు. మూల పగలగొట్టు, పెద్దది వద్దు. గుడ్డలో చుట్టు. మొహం చూసి పెట్టు."

ట్రాక్టరు మట్టి బాటలోకి పోయింది. దాని చప్పుడు చాలాసేపు వినపడింది, తర్వాత వినపడలేదు. వెంకటప్పయ్య కల్వర్టు గోడ మీద, తన పేరున్న రాయి పక్కన కూర్చున్నాడు.

పదింటికి గోడ కాలడం మొదలైంది. తువ్వాలు మడిచి వేసుకుని దాని మీద కూర్చున్నాడు. పదకొండున్నరకు ట్రాక్టరు తిరిగి వచ్చింది. పెట్టానయ్యా, అన్నాడు ఆంథోని. ఎక్కమన్నా ఆయన ఎక్కలేదు. నీళ్ల సీసా ఇచ్చి ఆంథోని వెళ్లాడు. వెంకటప్పయ్య ఆ నీళ్లు తాగలేదు. సీసా పక్కన పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో రోడ్డు నీళ్లలా కదిలింది. ఆ నీళ్ల మీంచి వాళ్లు వచ్చారు. ఈసారి అసెంబ్లీ లేదు, కుర్చీలు లేవు. రోడ్డు వెంట నడిచి వచ్చి కల్వర్టు రెండు గోడల మీదా కూర్చున్నారు. మూడో వరసలో ఉండేవాడు ఆయన పక్కనే కూర్చున్నాడు. ఊక దులుపుకున్నాడు. వెంకటప్పయ్య జరిగి చోటిచ్చాడు. అందరూ రోడ్డు వైపే చూస్తున్నారు, బస్సు కోసం చూసినట్టు. వాళ్లలో దేవ్లా కోసం వెతికాడు. కనపడలేదు. తన తండ్రి కోసం కూడా వెతికాడు. పోయాక ఆయన మొహం ఎలా ఉందో చూడలేదు కనుక, ఉన్నాడో లేదో తేలలేదు. ఏదో లారీ హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన తల ఎత్తాడు. గోడల మీద ఎవరూ లేరు. నీడ గోడకు అటుపక్కకు మారింది.

ఐదు గంటల యాభై నిమిషాలకు జూలూరుపాడు వైపు నుంచి ఒక ఆటో వచ్చి మలుపు దగ్గర నెమ్మదించింది. లోపల ఒక ఆడమనిషి. జుట్టుకు సిమెంటు దుమ్ము ఉంది. తల బయట పెట్టి అడిగింది.

"ఓ పెద్దయ్యా, తండా కెళ్లి వస్తున్నవా? దేవ్లాని తీస్కపోయిన్రా?"

వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడు.

"లేదమ్మా. ఉన్నాడు. పో."

ఆటో మట్టి బాటలోకి తిరిగింది.

సక్రి తండా చేరింది ఆరు గంటల పది నిమిషాలకు. అప్పటికి నాలుగు దిమ్మల్లో ఒకటిన్నర మిగిలి ఉంది. తల దగ్గరి ముక్క కరిగి, గుడ్డ తడిగా ఉంది. ఆమె ఆ గుడ్డ పక్కకు తీసి తండ్రి మొహం చూసింది.